హాడాక్ బల్ల దగ్గర ఇంకొకతె

గ్రిమ్స్‌బీలో చేపల ఫ్యాక్టరీ మానేసి
ఆసుపత్రిలో కత్తెరలకు ఆవిరి పట్టే పనిలో చేరాను.
మొదటి జీతం పడ్డ రోజు
బస్సు పై అంతస్తులో కూర్చుని పేస్లిప్ విప్పాను.
రెండువేల పదహారు పౌన్లు, బాగానే ఉంది.
దాని కింద పన్ను,
నాలుగువందల మూడు పౌన్ల ఇరవై పెన్నీలు.
కిటికీ అవతల రేవు మీద వాన.
జేబు కొట్టేసినట్టు కూడా లేదు,
ఎంతో మర్యాదగా, చిల్లరతో సహా తీసుకున్నారు.

మూలన రెండక్షరాలున్నాయి: బి, ఆర్.
బాకీ రద్దు అని చదువుకుంటే ఎంత బాగుండేది!

డోరీన్ యంత్రం తలుపు బిగిస్తూ
ఒక్క చూపు చూసి చెప్పింది:
"నీకు ఇంకో ఉద్యోగం ఉందనుకుంటున్నారు వాళ్ళు."

చేరిన రోజు ఇచ్చిన కాగితంలో మూడు గడులు.
పాత కంపెనీ పంపాల్సిన పీ ఫార్టీఫైవ్ రాలేదు,
ఏ గడిలో టిక్కు పెట్టాలో తోచలేదు,
అన్నిటికన్నా అడుగున ఉన్నదాంట్లో పెట్టాను.
అడుగున ఉన్నది ఎప్పుడూ
నాలాంటివాళ్ళ కోసమే కదా అని.

అట్లా పుట్టిందావిడ.
సర్కారు లెక్కలో ఇప్పటికీ
తెల్లారి ఐదింటికి నీలం టోపీ తగిలించుకుని
హాడాక్ బల్ల దగ్గర నిలబడే ఇంకో నేను.
నెలకింత అని పన్ను లేకుండా వదిలే
వెయ్యీ నలభైఏడు పౌన్ల యాభై
ఆవిడ పళ్ళెంలోకి పోతోంది.
నాకేమో మొదటి పౌను నుంచే కోత.

రెండో నెలా అదే కోత.
రాత్రుళ్ళు ఆవిడ మీద కోపమొచ్చేది.
నేను స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుంటుంటే
తను హీటరు ఆపకుండా పడుకుంటుందా?
ఆ చిల్లుల బూట్లు పారేసి
లోపల ఉన్ని ఉన్నవి కొనుక్కుందా?
కొనుక్కుంటే కొనుక్కోనీలే,
ఆ నేల మీద నీళ్ళు ఎంత చల్లనో నాకు తెలుసు.

నిజం చెప్పాలంటే
ఇప్పటికీ నాలుగుంబావుకే మెలకువ వస్తుంది.
వేడి ట్రే పట్టుకున్నా
బొటనవేలు ముల్లు కోసం వెతుకుతుంది.
పన్నువాళ్ళు పూర్తిగా అబద్ధమాడారని
ఒట్టేసి చెప్పలేను.

ఫోనులో నలభై నిమిషాలు వాయిద్యాలు విన్నాక
ఒక కుర్రాడు పలికాడు.
పైడిముక్కల అన్న ఇంటిపేరు నోట్లో పట్టక
"మిసెస్ పెయిడీ" అన్నాడు.
వాళ్ళ భాషలో జీతం ఇచ్చేశారని అర్థమట,
మా భాషలో పైడి అంటే బంగారం.
రెండూ లేని నెలలో నవ్వొచ్చింది.

"మీరు ఇంకా అక్కడ పనిచేస్తున్నారా?"
లేదన్నాను.
"ఎప్పుడు మానేశారు?"
జులై పద్దెనిమిది, శుక్రవారం.
ఆఖరి పెట్టె మూత వేసిన టైము కూడా
చెప్పబోయి ఆగాను.
అవతల టకటకా నాలుగు మీటలు నొక్కిన చప్పుడు.
అంతే, ఆవిడ ఉద్యోగం పోయింది.
నోటీసు లేదు, వీడ్కోలు కేకు లేదు.

మూడో నెల పేస్లిప్‌లో
పన్ను గడిలో మైనస్ గుర్తు,
పక్కన రెండువందల పాతిక పౌన్ల ముప్పై.
నెల పన్ను పట్టుకుని మిగిలింది తిరిగిచ్చారని
కాగితం వెనకాల మూడుసార్లు లెక్క కడితే గానీ
నమ్మకం కుదరలేదు.
నా డబ్బు నాకొస్తే
ఎవరి దగ్గరో లాక్కున్నట్టు ఎందుకనిపించాలి?

ఆ సాయంత్రం బస్సు ఫ్యాక్టరీ ముందు ఆగింది.
షెడ్డు కింద సిగరెట్లు, నీలం టోపీలు.
అద్దం మీద ఆవిరి తుడిచేలోగా
ఎవరో చెయ్యూపారు, నాకో, ఇంకెవరికో.
నేనూ ఊపాను.

మర్నాడు పీ ఫార్టీఫైవ్ వచ్చింది,
పాత అడ్రసు కొట్టేసి, కొత్తది రాసి.
విప్పే ముందు వాసన చూశాను.
కాగితం వాసనే.